సాంక్రీ గైడ్ల బృందం: చాలా ఏళ్లు కలిసి తిరిగాక నా సమీక్ష

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా సాంక్రీలో ఉండే ఒక చిన్న గైడ్ల బృందంతో చాలా ఏళ్లుగా ట్రెక్‌లు చేస్తున్నాను. కేదార్‌కాంఠా, హర్ కీ దూన్, రూయిన్‌సారా తాల్ (సరస్సు), సుమారు 4,950 మీటర్ల ఎత్తున్న బాలీ పాస్ అనే కనుమ, అన్నీ వీళ్లతోనే తిరిగాను. హైదరాబాద్ నుంచి వెళ్లే మిత్రులు "పెద్ద కంపెనీతో వెళ్లాలా, ఊరివాళ్లతో వెళ్లాలా" అని తరచూ అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఈ సమీక్ష.

ఈ బృందంలో గైడ్ పని ఒక్కటే తెలిసినవాడు ఎవరూ లేరు. లీడర్ ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులతో పాటు సెర్చ్ అండ్ రెస్క్యూ కోర్సు కూడా చేశాడు. ఒకాయన దేవదారు చెక్కతో ఇళ్లు కట్టే వడ్రంగి. ఇంకొకాయన చిన్నప్పటి నుంచీ ఆ కొండల మీద గొర్రెలు కాసినవాడు. మోరీ రోడ్డు మీద ఏళ్ల తరబడి జీపు నడిపి, రిపేర్లన్నీ తనే చేసుకునే మనిషి మరొకాయన. వంట భయ్యా సంగతి తర్వాత చెబుతాను.

బాలీ పాస్‌కి వెళ్తుండగా రూయిన్‌సారా దగ్గర మాలో ఒకరి షూ సోలు సగం దాకా ఊడిపోయింది. పైనంతా మంచు, వేరే జత లేదు. వడ్రంగి భయ్యా ముందు షూను స్టవ్‌కి కాస్త దూరంగా పెట్టి ఆరబెట్టాడు. పాత గమ్ముని కత్తితో గీకేశాడు. దబ్బనంతో అంచు పొడవునా రంధ్రాలు చేసి, నైలాన్ దారం రెండు పేటలు వేసి కుట్టాడు. ముడి బయటికుంటే రాళ్లకి తెగిపోతుందని లోపలి వైపుకి వేశాడు. దాని మీదే క్రాంపాన్లు (మంచు మీద జారకుండా షూకి కట్టే ఇనప ముళ్లు) కట్టుకుని, పాస్ దాటి, యమునోత్రి వైపు నిట్టనిలువు దిగుడు దిగి మావాడు జానకీ చట్టీ చేరాడు.

ఇంకోసారి అదే పాస్ కింద బేస్ క్యాంపులో జరిగింది నేను ఎప్పటికీ మర్చిపోలేను. రోజూ రాత్రి భోజనానికి ముందు లీడర్ అందరికీ రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటర్ పెట్టి చూస్తాడు, కానీ ఆ అంకె ఒక్కదాన్నే నమ్మడు. నేల మీద తాడు పరిచి, దాని మీద మడమకి వేళ్లు ఆనిస్తూ నడవమంటాడు. ఆ రాత్రి మా స్నేహితుడు మూడో అడుగుకే పక్కకి తూలాడు. మామూలు తలనొప్పి అయితే పైకి ఎక్కకుండా అక్కడే ఆగి చూడొచ్చు. నడక తూలిందంటే మాత్రం ఎత్తు వల్ల మెదడుకి వాపు మొదలైందేమోనని అనుమానించాలి, తెల్లారేదాకా ఆగకూడదు. మందు వేసి, అప్పటికప్పుడు కిందికి బయల్దేరదీశారు. చీకట్లో ఆ దారి గొర్రెలు కాసిన భయ్యాకే బాగా తెలుసు, అందుకని ఆయన ముందు నడిచాడు. లీడర్, జీపు భయ్యా చెరో పక్కా పట్టుకున్నారు. మాకందరికీ టెన్షనే గానీ వాళ్ల గొంతులో మాత్రం కంగారు లేదు. పొద్దుటికల్లా మావాడు రూయిన్‌సారాలో లేచి కూర్చుని టీ తాగాడట. ఇటు క్యాంపులోనూ ఏ పనీ ఆగలేదు, ఎందుకంటే ఒకరి పని ఇంకొకరికి వచ్చు. ఒక్కో పనికి ఒక్కో మనిషి అని లెక్కపెట్టి పంపే బృందంలో ఇది కుదరదని నా నమ్మకం.

వంట విషయానికొస్తే, 3,500 మీటర్ల దగ్గర నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. అందుకని వంట భయ్యా రాజ్మా ముందురోజే నానబెడతాడు, అదనంగా ఇంకో గాస్కెట్ దగ్గర పెట్టుకుంటాడు. పురోలా ఎర్రబియ్యం అన్నం వండితే, మనం తీసుకెళ్లిన ఆవకాయ కలుపుకుని తినడం గొప్ప సుఖం.

లోపాలూ ఉన్నాయి. మనిషి కొండ మీదుంటే ఫోన్ దొరకదు, మెసేజ్‌కి జవాబు వారానికి రావచ్చు. ఖర్చుల వివరం కాగితం మీద ఇవ్వరు, మనమే రాయించుకోవాలి. స్లీపింగ్ బ్యాగులు కొన్ని పాతబడ్డాయి, నేను నాది తీసుకెళ్తాను. హిందీ అస్సలు రాకపోతే కష్టం. ధర తక్కువేమీ కాదు, కానీ బేరమాడితే ముందుగా కోత పడేది కూలీల మీదే కాబట్టి నేను ఎప్పుడూ తగ్గించమని అడగలేదు.

భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్న మన కుర్రాళ్లు నేరుగా బాలీ పాస్ అడుగుతున్నారు. రాతి మీద చెయ్యి తిరిగినంత మాత్రాన మంచు మీద కాలు నిలవదు. ముందు చలికాలంలో కేదార్‌కాంఠా, తర్వాత హర్ కీ దూన్ చేయండి. ఆ పైన వానలు వెళ్లాక, సెప్టెంబర్ చివర్లో బాలీ పాస్‌కి అడగండి. డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి ఒక పగలంతా ప్రయాణం, అక్కడ ఒక రాత్రి ఆగి మర్నాడే నడక మొదలుపెట్టండి.