మడ్డి దిగేదాకా ఆగాలి: పోర్చుగల్ పాత రెడ్ వైన్ల కోసం ఎక్కడ దిగాలి, ఎలా తాగాలి

పోర్చుగల్ వెళ్లినవాళ్లలో చాలామంది వైన్ పేరుతో చూసేది పోర్టో నగరానికి ఎదురుగా, దోరు నది అవతలి ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా గోదాములే. అక్కడి పోర్ట్, అంటే బ్రాందీ కలిపిన వైన్, గొప్పదే, కాదనలేం. కానీ బ్రాందీ కలపకుండా సీసాలోనే 20, 30 ఏళ్లు ముదిరిన రెడ్ వైన్ కావాలంటే కొయింబ్రా నగరం చుట్టుపక్కల కనీసం రెండు రాత్రులు ఉండాలి.

రెండు రాత్రులు ఎందుకంటే, పాత సీసాలో మడ్డి ఉంటుంది. ఏళ్ల తరబడి పడుకోబెట్టిన సీసాను నిలబెట్టాక ఆ మడ్డి అడుక్కి దిగడానికి 24 గంటలు పడుతుంది, సన్నటి మడ్డయితే 48. సాయంత్రం దిగి, రాత్రికే పాత సీసా తెరిపించి, తెల్లారి బయల్దేరితే చేదు మడ్డి కలిసిన వైన్‌కి డబ్బు పోసినట్టే. అందుకే గది బుక్ చేసే ఈమెయిల్‌లోనే పాతవాటిలో ఏ ఏడాది సీసాలున్నాయో అడిగి, ఒకటి ఎంచుకుని, భోజనానికి రెండు రోజుల ముందే దాన్ని నిలబెట్టమని రాయాలి. మంచి హోటల్ వాళ్లు ఈ మాటతోనే మీరు దేనికి వస్తున్నారో గ్రహిస్తారు.

ముందుగా వెళ్లాల్సింది బైర్రాదా అనే వైన్ ప్రాంతం. లిస్బన్, పోర్టో మధ్య నడిచే రైళ్లు కొయింబ్రా-బి స్టేషన్‌లో ఆగుతాయి. అక్కడ లోకల్ రైలెక్కితే మెయల్యాదా, కూరియా, మొగొఫోరెస్ వస్తాయి. ఇక్కడి నేల బంకమట్టి, సున్నపురాయి. ద్రాక్ష పేరు బాగ. ఆలస్యంగా పండుతుంది. కోతకు ముందు వానలు పడితే గుత్తులు కుళ్లిపోతాయి, అందుకే ఇక్కడ సీసా మీద ఏడాది చూడకుండా కొనకూడదు. పాత పద్ధతి వైనరీల్లో కాడలతో సహా తొట్లలో పులియబెడతారు, దాంతో లేత వైన్ పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుకను పట్టేస్తుంది. ఆ వగరూ పులుపూ ఉన్నాయి కాబట్టే అది 30 ఏళ్లు నిలుస్తుంది. ముదిరాక వగరు మెత్తబడి, ఎండు చెర్రీ, తడి ఆకులు, పొగాకు వాసనలు వస్తాయి. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ తలుపు తీస్తే గుప్పుమనే వాసన తెలిసినవాళ్లు దీన్ని ఇట్టే పట్టేస్తారు. లేబుల్ మీద గర్రఫైరా అని ఉంటే, ఆ రెడ్ కనీసం 30 నెలలు, అందులో 12 నెలలు సీసాలోనే నిలవ ఉందని అర్థం. 1920లో మొదలైన కావెస్ సావ్ జువావ్ అనే వైనరీ పాత సీసాల్లో బైర్రాదా వైన్ ఫ్రేయ్ జువావ్ పేరుతో, పక్కనున్న దావ్ ప్రాంతపు వైన్ పోర్తా దోస్ కవలేరోస్ పేరుతో కనిపిస్తాయి.

బసకు పేరున్నది బుసాకో అడవిలోని ప్యాలెస్ హోటల్. రాజకుటుంబం కోసం 1888లో మొదలుపెట్టి కట్టిన మహలు. దాని సొంత రెడ్‌లో బైర్రాదా బాగ, దావ్ ప్రాంతపు తూరిగా నాసియొనల్ ద్రాక్షలు కలుస్తాయి. ఒకప్పుడు ఆ యాజమాన్యపు హోటళ్లలోనే దొరికేది. అక్కడ డబ్బు పెట్టేది చెక్కడాలకీ, అడవికీ, నేలమాళిగలోని సీసాలకీ. గదిలో కొత్త హంగులు ముఖ్యమనుకునేవాళ్లు కింద ఉన్న లూజో ఊళ్లో దిగి, పైకి భోజనానికి వెళ్లడం మేలు. కారు లేనివాళ్లకి కూరియా నయం. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే హోటళ్లున్నాయి. సంగాల్యోస్‌లోని అలియాన్సా భూగర్భ మ్యూజియం సొరంగాలు చూసి తీరాలి, కానీ అది కళ్లకి విందు. పాత రెడ్ కోసం వేరే పూట ఉంచుకోండి.

ఇక బల్ల దగ్గర జరిగేది. పాత బిరడా మెత్తబడి పొడి రాలుతుంది. మామూలు స్క్రూ ఓపెనర్ గుచ్చితే మధ్యలో విరుగుతుంది. రెండు రేకులుండే ఓపెనర్ అడగండి. రేకుల్ని బిరడాకీ గాజుకీ మధ్య అటూ ఇటూ కదిపి దించి, తిప్పుతూ పైకి లాగాలి. నేరుగా కిందికి నొక్కితే బిరడా లోపల పడుతుంది. తరవాత సీసా మూతిని తడిగుడ్డతో తుడిచి, మెడ కింద కొవ్వొత్తో ఫోన్ లైటో పెట్టి, ఆపకుండా సన్నటి ధారగా జగ్గులోకి తేట వంచాలి. మధ్యలో సీసా నిటారుగా ఎత్తారంటే మడ్డి లేస్తుంది. మెడలోకి నల్లటి పొగలా పాకడం కనబడగానే ఆపేయండి. 40 నుంచి 60 మి.లీ. అడుగున వదిలేయడం నష్టం కాదు. వైన్ 16-18 డిగ్రీల్లో ఉండాలి. వేసవి హాల్లో అది 24కి ఎక్కితే ఆల్కహాల్ ముక్కుకి కొట్టి మిగతా వాసనలన్నీ మూగబోతాయి, పది నిమిషాలు ఐస్ నీళ్లలో పెట్టమనండి. గ్లాసులో 75 మి.లీ. చాలు. 40 ఏళ్లు దాటిన వైన్ గంటలో నీరసించవచ్చు, వెంటనే తాగాలి. 20 ఏళ్ల బాగ మాత్రం రెండు గంటల తరవాత ఇంకా విప్పుకుంటుంది.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, ఎంతసేపు ఉంచినా పోదు, సీసా వెనక్కి పంపండి. గోళ్ల రంగు వాసన, పుల్లటి ఘాటు ఎక్కువైతే వెనిగర్ వైపు వెళ్లిపోయినట్టు. కోసి ఉంచిన ఆపిల్ వాసన, టీ డికాక్షన్ రంగు కలిసి వస్తే గాలి సోకింది. అంచు ఇటుక రంగులో ఉండటం మాత్రం దోషం కాదు, వయసు.

మెయల్యాదాలో రోడ్డు వెంట పందిపిల్ల కాల్చే హోటళ్లు వరసగా ఉంటాయి. ఆ కొవ్వును బాగ పులుపు కోసేస్తుంది. శాకాహారులకి ఓ మంచి మాట: సెర్రా దా ఎస్ట్రెలా కొండల గొర్రెపాల జున్నును, పాలను విరిచే జంతువుల రెనెట్ వేయకుండా ముళ్లమొక్క పువ్వుతో తోడుపెడతారు. పాత దావ్ రెడ్‌కి అంతకన్నా జోడీ లేదు. అన్నట్టు, అడగకుండా పెట్టే బ్రెడ్, ఆలివ్‌లు తింటే బిల్లులో పడతాయి.

దావ్‌కి కేంద్రం విసెవు పట్టణం. గ్రానైట్ నేల, వైన్ బైర్రాదా కన్నా తేలిక, వాసన ఎక్కువ. కొయింబ్రా నుంచి రోడ్డు మలుపుల మయం. రక్తంలో లీటరుకు 0.5 గ్రా. ఆల్కహాల్ చేరితే జరిమానా, లైసెన్స్ వచ్చి మూడేళ్లు కాకపోతే 0.2కే. రుచి చూసే రోజు డ్రైవర్ వేరుగా ఉండాలి.

లిస్బన్‌లోనే ఆగేవాళ్లు దగ్గర్లోని కొలారెస్ వైన్ ప్రాంతాన్ని వదలొద్దు. రోస్సియో నుంచి సింత్రాకి రైలు సుమారు 40 నిమిషాలు, ఆపై బస్సు. రమీష్కో ద్రాక్షను ఇసుకలో నాటుతారు. ద్రాక్ష వేళ్లను పాడుచేసే ఫిలాక్సెరా పురుగు ఇసుకలో బతకలేదు కాబట్టి అక్కడ తీగలు అంటు కట్టకుండా సొంత వేళ్ల మీదే ఉన్నాయి. 1931లో మొదలైన సహకార వైనరీకి ముందే కబురు పెట్టి వెళ్లాలి. చిన్న సీసా అర లీటరే ఉంటుంది, ఇద్దరికి సరిపోతుంది.

గాయాలో ఒక్క పూటే ఉంటే 20 ఏళ్ల టానీ లేదా కొల్యైటా రకం పోర్ట్ గ్లాసుల లెక్కన తీసుకోండి. పీపాల్లో ముదిరినవి, మడ్డి ఇబ్బంది లేదు. వింటేజ్ పోర్ట్ మాత్రం సీసాలో ముదిరేది, దానికి పైన చెప్పిన తంతు అంతా ఉంది. గ్లాసు లెక్కన ఇస్తుంటే సీసా ఎప్పుడు తెరిచారో అడగండి, రెండు రోజులు దాటితే వద్దు.

కొని తెచ్చుకునేటప్పుడు వైన్ మట్టం చూడండి. సీసా భుజం మధ్యకు దిగి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. భారత్‌లోకి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి 2 లీటర్లు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. విమానంలో కుదిపిన మడ్డి తేరుకోవడానికి ఇంట్లో మూడు వారాలు చీకట్లో, 15 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. వైన్ ఫ్రిజ్ లేని విజయవాడ ఇంట్లో అయితే డిసెంబర్, జనవరి నెలల్లోనే తెరిచేయండి. మే దాకా ఉంచితే వేడికి వైన్ వ్యాకోచించి, బిరడాను పైకి నెట్టి కారవచ్చు.