కొత్త మందు వేటలో ఏది మేలు: ముందు ప్రోటీనా, ముందు కణమా?

కొత్త మందు కనిపెట్టడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. జబ్బుకు మూలమైన ప్రోటీన్‌ను ముందే గుర్తించి, దాని పని ఆపే రసాయనం కోసం వెతకడం ఒకటి. వేల, లక్షల రసాయనాలను బతికున్న కణాల మీదో సూక్ష్మజీవుల మీదో వేసి, ఫలితం కనిపించాక అది ఎలా పనిచేసిందో తేల్చుకోవడం రెండోది. మొదటిదే అసలైన సైన్స్ అని, రెండోది గుడ్డి వేట అని కొందరు చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం.

మొదటి దారికి ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మందును మించిన ఉదాహరణ లేదు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో పొట్టి క్రోమోజోమ్ ఒకటి ఉందని 1960లో బయటపడింది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారవడం వల్లే అలా జరిగిందని 1973లో శాస్త్రవేత్త జానెట్ రౌలీ చూపించారు. ఆ అతుకులో పుట్టే బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్ ఆగకుండా పనిచేస్తూ కణాలను పెంచుతూ పోతుంది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి దొరికింది. టార్గెట్, అంటే మందు పట్టుకునే ప్రోటీన్, ముందే తెలియడంలో ఇంకో లాభం ఉంది. కొందరిలో మందు పనిచేయడం మానేసినప్పుడు, ఆ ప్రోటీన్‌లో వచ్చిన మార్పులను చూసి తర్వాతి మందులు తయారుచేయగలిగారు.

యాంటీబయాటిక్స్ దగ్గరికొచ్చేసరికి ఇదే పద్ధతి బోల్తా పడింది. 1995 నుంచి 2001 వరకు మందుల కంపెనీ గ్లాక్సోస్మిత్‌క్లైన్ బ్యాక్టీరియా టార్గెట్ల మీద 70 భారీ స్క్రీనింగ్‌లు (ఒకేసారి ఎన్నో రసాయనాలను పరీక్షించే జల్లెడలు) చేస్తే, ముందుకు తీసుకెళ్లదగ్గ రసాయనాలు ఐదు స్క్రీనింగ్‌లలోనే దొరికాయి. ట్యూబులో ప్రోటీన్‌ను ఆపిన రసాయనం బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి పోవాలి కదా! పోయినా, దాన్ని బయటికి తోసేసే పంపులు ఆ జీవికి ఉంటాయి.

క్షయ మందు బెడాక్విలిన్ కథ దీనికి పూర్తిగా భిన్నం. నాకు ఎంతో ఇష్టమైన పరిశోధన ఇది. క్షయ బ్యాక్టీరియాకు దగ్గరి బంధువైన, త్వరగా పెరిగే మరో బ్యాక్టీరియా మీద రసాయనాలు పరీక్షించి ఈ మందు జాడ పట్టుకున్నారు. అది దేని మీద పనిచేస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు. మందుకు లొంగని బ్యాక్టీరియాను ఏరి, వాటి జన్యుక్రమాన్ని మందుకు లొంగేవాటితో పోల్చి చూశారు. తేడా ఏటీపీ సింథేజ్ తయారీకి సంబంధించిన ఒక జన్యువులో కనిపించింది. అంటే మందు ఆ జీవికి శక్తి అందించే యంత్రాన్నే ఆపుతోంది! 2005లో ఈ ఫలితం ప్రచురితమైంది, 2012 చివర్లో అమెరికా అనుమతి వచ్చింది. ఆ టార్గెట్‌ను ముందే ఊహించి ఎంచుకునేవాళ్లు తక్కువే అనుకుంటాను, ఎందుకంటే మన కణాలకూ ఏటీపీ సింథేజ్ కావాలి.

ఈ దారికీ ఇబ్బందులున్నాయి. 1950లలోనే వాడకంలోకొచ్చిన థాలిడోమైడ్ అనే మందు, గర్భిణులు వేసుకోవడంతో, పుట్టబోయే పిల్లలకు తీరని హాని చేసింది. అది అతుక్కునే సెరెబ్లాన్ ప్రోటీన్ 2010లో గానీ తెలియలేదు. టార్గెట్ తెలియకపోతే మందును మెరుగుపరచడం కూడా కష్టమే.

కాబట్టి జబ్బుకు ఒకే జన్యువు కారణమని మనుషుల్లోనే గట్టి ఆధారం ఉంటే ప్రోటీన్‌తో మొదలుపెట్టడం మేలు. సూక్ష్మజీవుల విషయంలో, కారణాలు చిక్కుపడిన జబ్బుల్లో నా ఓటు కణానికే. అయితే టార్గెట్ పట్టుకునే పనికి కావాల్సిన మనుషులను, డబ్బును మొదటి రోజే కేటాయించాలి. స్క్రీనింగ్ అయ్యాక చూద్దాంలే అంటే మంచి రసాయనాలు ఫ్రీజర్లలోనే ఉండిపోతాయి.