పాల లైన్లో తెల్ల సిలికాన్ గ్యాస్కెట్ వద్దంటే వద్దు

తెల్ల సిలికాన్ గ్యాస్కెట్ (పైపు జాయింటు కారకుండా మధ్యలో పెట్టే రింగు) గురించి నా మాట ముందే చెప్పేస్తా, పాల ప్లాంటుకి అది దండగ. షాపుకి పోయి టీసీ (ట్రై క్లాంప్) గ్యాస్కెట్ అడిగితే మొదట చేతిలో పెట్టేది దాన్నే. మెత్తగా ఉంటుంది, తెల్లగా శుభ్రంగా కనబడుతుంది, "ఫుడ్ గ్రేడ్ అన్నా, కళ్లు మూసుకుని తీసుకో" అంటారు. ఆడిట్‌కి వచ్చినాయన కూడా తెల్లరంగు చూసి తలూపి పోతాడు. రోజూ కాస్టిక్ సోడా, యాసిడ్, మరిగే నీళ్లు తిరిగే పైపులో ఏళ్ల తరబడి అది ఏమవుతుందో చూసినవాళ్లు మాత్రం దాన్ని మళ్లీ కొనరు.

నేను నెల్లూరు దగ్గర ఒక మోస్తరు డెయిరీలో మెయింటెనెన్స్ చూస్తాను. మా దగ్గరికొచ్చేది ఎక్కువ గేదె పాలే, కొవ్వు 6, 7 శాతం దాకా ఉంటుంది. ఈ కొవ్వు లెక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టే తిరుగుతుంది. కొత్త లైన్లన్నీ టీసీ క్లాంపులు, అంటే రెండు స్టీలు ఫెర్రుళ్ల (పైపు చివర వెల్డింగ్ చేసే అంచుల) మధ్య రబ్బరు రింగు పెట్టి క్లాంపుతో బిగించే రకం. పాత సెక్షన్లో ఇంకా ఎస్‌ఎంఎస్ యూనియన్లే, అంటే మరల నట్టుతో బిగించే రకం జాయింట్లే ఉన్నాయి.

సీఐపీలో, అంటే పైపులు విప్పకుండా లోపలే మందునీళ్లు తిప్పి కడిగేటప్పుడు, మేము కాస్టిక్ 1 నుంచి 1.5 శాతం కలిపి 75 డిగ్రీల దగ్గర తిప్పుతాం, తర్వాత నైట్రిక్ యాసిడ్ 60 డిగ్రీల పైన, చివర వేడినీళ్లు. సిలికాన్ వేడికి భయపడదు, పొడి వేడి అయితే 200 డిగ్రీలు కూడా తట్టుకుంటుంది, బ్రోచర్లో పెద్ద అక్షరాలతో వేసేది ఆ అంకెనే. కానీ ఆవిరి, వేడి కాస్టిక్ విడవకుండా తగిలితే దాని లోపలి బలం పోతుంది. మొదట పైన జిగురుగా తయారవుతుంది, తర్వాత జాయింటు విప్పినప్పుడల్లా సగం ఫెర్రుల్‌కే అంటుకుని చిరుగుతుంది. సిలికాన్‌కి చిరుగు తట్టుకునే బలం మామూలుగానే తక్కువ. ఇంకో తలనొప్పి, తెల్ల ముక్క తెల్ల పాలలో పడితే ఎవరి కంటికి కనబడుతుంది? ఫిల్టర్ విప్పినప్పుడు దొరికితే అదృష్టం.

అందుకే పచ్చిపాల లైను, పాశ్చరైజర్, ప్యాకింగ్‌కి పోయే లైను మొత్తం నల్ల ఈపీడీఎం అనే రబ్బరుకి మార్చాం. అందం లేదు, మా క్వాలిటీ మేడమ్‌కి మొదట్లో అసలు నచ్చలేదు, కారు టైరు ముక్కలా ఉందన్నారు. కానీ కాస్టిక్, యాసిడ్, ఆవిరి మూడింటినీ బాగా తట్టుకునేది అదే. ఆ నలుపు కార్బన్ వల్ల వస్తుంది, బలం కూడా దానివల్లే, అందుకని తెల్ల ఈపీడీఎం అడిగి మరీ తెచ్చుకోవద్దు. కొనేటప్పుడు పెరాక్సైడ్ క్యూర్డ్ (పెరాక్సైడ్‌తో రబ్బరుని గట్టిపరిచిన రకం) అని అడగండి. గంధకంతో క్యూర్ చేసిన దానికన్నా వేడికి ఎక్కువ ఆగుతుంది, పాలలోకి దిగే పదార్థం తక్కువ. వాడిన రింగుని తెల్లగుడ్డతో గట్టిగా తుడిస్తే మసి అంటిందంటే దాని పని అయిపోయినట్టే, లీకు లేకపోయినా తీసేయండి.

ఇంతవరకు బాగుంది గదా, ఇదే రింగు క్రీమ్ లైన్లో వేశారంటే కొంప మునుగుతుంది. ఈపీడీఎంకి కొవ్వు పడదు. 8 శాతం కొవ్వు దాటిన సరుకుకి వాడొద్దని లెక్క చెప్తారు, గేదె పాలు ఆ గీత కింద బతికిపోతాయి గానీ సెపరేటర్ నుంచి వచ్చే క్రీమ్ 40 శాతం పైన ఉంటుంది. రింగు కొవ్వు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బినది ఎక్కడికి పోతుంది, పైపు లోపలికే పోతుంది. విప్పి చూస్తే లోపల పెదవిలా ముందుకొచ్చి, దాని వెనకాల క్రీమ్ పేరుకుని పుల్లటి వాసన. అక్కడ నైట్రిల్ రబ్బరు వేశాం, కొవ్వుకి అది మంచిది, ధర కూడా తక్కువే, కాకపోతే 100 డిగ్రీల దగ్గరే దాని హద్దు, ఆవిరి పెడితే గట్టిపడి పగుళ్లిస్తుంది. నెయ్యి లైన్లో వేడి అంతకన్నా ఎక్కువ, అక్కడ వైటాన్ అనే రబ్బరు తప్ప ఇంకోటి నిలవలేదు. వైటాన్ ఖరీదు వింటే మేనేజరుకి టెన్షన్ వస్తుంది, పైగా మామూలు గ్రేడుకి వేడి కాస్టిక్ అంటే పడదు, అందుకే దాన్ని ప్లాంటంతా వేయడం తెలివితక్కువ, నెయ్యి దగ్గర మాత్రమే.

టెఫ్లాన్ గురించి చాలామంది అడుగుతారు. దేనికీ కరగదు, దేన్నీ పీల్చుకోదు, నిజమే. కానీ దానికి స్ప్రింగు గుణం లేదు, ఒకసారి నొక్కుకుపోతే నొక్కుకుపోయినట్టే ఉంటుంది. మరిగే నీళ్లు, తర్వాత చల్లటి పాలు, ఇలా నాలుగుసార్లు తిరిగేసరికి కారడం మొదలు, మళ్లీ బిగించాలి, మళ్లీ కారుద్ది. పైన టెఫ్లాన్ తొడుగు, లోపల ఈపీడీఎం ఉండే రకం దీనికన్నా చాలా నయం. ఫార్మాలో ఉన్న మా బావమరిది వాళ్లు ఇంజెక్షన్ నీళ్ల లైన్లో అదే వాడతారట. వాళ్ల లెక్కలు వేరు, ప్రతి రింగుకీ బ్యాచ్ నంబరు, యూఎస్‌పీ క్లాస్ 6 (ఒంటికి హాని చేయదని చూపే అమెరికా పరీక్ష) సర్టిఫికెట్, 121 డిగ్రీల ఆవిరి, కారినా కారకపోయినా తేదీ వస్తే మార్చేయడమే. మన దగ్గర కారేదాకా ఎవరూ దాని మొహం చూడరు.

మెటీరియల్ సరిగ్గా ఎంచుకున్నా మునిగే చోటు ఒకటుంది. 1 ఇంచు, 1.5 ఇంచు టీసీ ఫెర్రుళ్ల బయటి సైజు ఒకటే, 50.5 మిల్లీమీటర్లు. క్లాంపు ఒకటే, గ్యాస్కెట్ బయటి గుండ్రం ఒకటే, లోపలి బొక్క మాత్రం వేరు. మా దగ్గర ఒక లైన్లో కోలిఫామ్ (శుభ్రత లేదని చూపే బ్యాక్టీరియా) పాజిటివ్ వస్తూనే ఉండింది, సీఐపీ టైము పెంచారు, కాస్టిక్ పెంచారు, ట్యాంకులు కడిగించారు, పోలేదు. చివరికి జాయింటు జాయింటుకీ స్వాబ్ తీస్తే (దూదిపుల్లతో రుద్ది పరీక్షిస్తే) 1 ఇంచు పైపులో పాత కాంట్రాక్టరు మనుషులు పెట్టిపోయిన 1.5 ఇంచు రింగు బయటపడింది. లోపల చుట్టూ గాడి మాదిరి ఖాళీ, పాలు అందులో కూర్చుంటాయి, సీఐపీ నీళ్లు పైనించి జారిపోతాయి. బయటికి చుక్క కారదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. స్టోర్సులో ఈ రెండు సైజులూ వేరే వేరే డబ్బాల్లో పెట్టించండి, రంగు కూడా వేరే తెప్పించుకోగలిగితే ఇంకా మంచిది.

బిగించడం సంగతి. మా ఫిట్టర్లకి వింగ్ నట్ (క్లాంపు మీద చేత్తో తిప్పే నట్టు) కనబడితే దానికి పైపు ముక్క తొడిగి తిప్పితే గానీ తృప్తి ఉండదు. రబ్బరు వేడికి స్టీలు కన్నా దాదాపు పదింతలు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడే పీక నొక్కినట్టు బిగిస్తే వేడినీళ్లు రాగానే లోపలికి ఉబ్బుతుంది, ఆ అంచు తెగి పాలలోకి పోతుంది. చేత్తో బిగించి ఆపేయండి, అప్పటికీ కారుతుంటే తప్పు రింగుది కాదు, రెండు పైపులూ ఒక లైన్లో లేవని అర్థం, సపోర్టు సరిచేయాలి. రింగు ఎక్కడం లేదని వాజలైన్ రాసే అలవాటు కూడా ఉంది, అది పెట్రోలియం సరుకు, ఈపీడీఎంని తినేస్తుంది. నీళ్లతో తడిపితే చాలు.

నిల్వ దగ్గర ఒక్క మాట, రేకుల షెడ్డులో మేకుకి తగిలిస్తే రోహిణి కార్తె దాటేసరికి ఆకారం మారిపోతుంది. నైట్రిల్‌ని మోటార్లు, ప్యానెళ్ల పక్కన అసలు పెట్టొద్దు, అక్కడ పుట్టే ఓజోన్‌కి వాడకముందే పగుళ్లు వస్తాయి.

నీలం రంగు మెటల్ డిటెక్టబుల్ రకం, అంటే ముక్క తెగి పడినా మెటల్ డిటెక్టరుకి దొరికేది, ఒకటి అమ్ముతున్నారు. రొయ్యల ప్లాంట్లవాళ్లకి పనికొస్తుంది, వాళ్లకి ప్యాకింగ్ దగ్గర మెటల్ డిటెక్టరు ఉంటుంది కాబట్టి. పాల పాకెట్ల ప్లాంటులో ఆ మిషనే లేకపోతే ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి?

ఎక్కడ కొనాలని అడిగేవాళ్లకి, మేమైతే చెన్నై నుంచే తెప్పిస్తాం, ఇక్కడ దొరికేవాటిలో సగానికి కాగితం ఉండదు. ఫుడ్ గ్రేడ్ అని నోటిమాటగా చెప్తే సరిపోదు, ఎఫ్‌డీఏ 177.2600 (ఆహారానికి తగిలే రబ్బరుకి అమెరికా పెట్టిన నియమం) అని రాసిన టెస్టు సర్టిఫికెట్ అడగండి, అందులో బ్యాచ్ నంబరు కవరు మీది నంబరుతో కలవాలి. కలవకపోతే వెనక్కి పంపించేయండి, రేటు ఎంత తగ్గించినా సరే. మా ఎస్‌ఎంఎస్ యూనియన్లు మాత్రం ఇంకా అట్లాగే ఉన్నాయి, వాటిలో రింగు వెనకాల సందు ఏ మెటీరియల్ వేసినా పోదు, కోయించి టీసీ ఫెర్రుళ్లు వెల్డింగ్ చేయించమని రాసిన కాగితం ఆఫీసులో తిరుగుతోంది.