పెర్ల్‌లో లైను నంబరు: పదకొండేళ్ల వాడకం తర్వాత

చిక్కడపల్లిలోని మా చిన్న డీటీపీ కార్యాలయంలో నా పని పాత నిఘంటువుల పాఠాన్ని యూనికోడులోకి మార్చిన టెక్స్టు ఫైళ్లను పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టులతో (చిన్న ప్రోగ్రాములతో) జల్లెడ పట్టి, తప్పు కనిపించిన ప్రతిచోటా లైను నంబరు వేసి, ఆ జాబితాను ప్రూఫ్ దిద్దేవారికి అందించడం. ఆ నంబరును చెప్పేది '$.' అనే వేరియబుల్, అంటే ఒక విలువను దాచుకునే పేరు. మా దగ్గర అందరూ దాన్ని 'డాలర్ చుక్క' అంటారు. పదకొండేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను కాబట్టి, దాని మంచీచెడూ రెండూ చూశాననే అనుకుంటున్నాను.

మొదట మంచి. లెక్క పెట్టడానికి మనం వేరే వేరియబుల్ పెట్టుకుని, లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) తిరిగిన ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోనక్కరలేదు. ఫైలు తెరిచి వైల్ లూపులో ఒక్కో లైనూ చదవడం మొదలుపెడితే చాలు, మొదటి లైనుకు 1, రెండోదానికి 2 అంటూ అదే లెక్కిస్తుంది. టెక్స్టును లైన్లవారీగా పరిశీలించే ఆక్ అనే భాష వాడినవారికి, ఇది అందులో లైన్లు లెక్కించే ఎన్ఆర్‌కు పెర్ల్ రూపమని వెంటనే తెలుస్తుంది. స్క్రిప్టును ఒక సందేశంతో ఆపేసే 'డై' అని రాసి, ఆ సందేశం చివర కొత్త లైను గుర్తు పెట్టకుండా వదిలేస్తే, స్క్రిప్టు ఏ లైనులో ఆగిందో, చదువుతున్న ఫైలులో ఎన్నో లైను దగ్గర ఆగిందో రెండూ పెర్లే చేర్చి చెబుతుంది. తొందరలో రాసిన స్క్రిప్టులకు ఈ ఒక్క సదుపాయం ఎంత మేలు చేసిందో చెప్పలేను.

ఇక చెడు. తొలి ఏడాదిలోనే తగిలిన దెబ్బ ఇది. నిఘంటువును అక్షరానికొక ఫైలుగా విడగొట్టి, అన్నింటినీ ఒకే కమాండులో స్క్రిప్టుకు ఇచ్చాను. సాయంత్రానికల్లా మా దగ్గర ప్రూఫులు చూసే రిటైర్డు తెలుగు మాస్టారు జాబితా పట్టుకుని వచ్చి, "బాబూ, ఈ ఫైలు తొమ్మిది వేల లైన్లకే అయిపోయింది, నువ్వేమో నలభై ఒక్క వేల పైచిలుకు లైను చూడమంటున్నావు" అన్నారు. ఫైలు పేర్లు ఇచ్చి ఖాళీ కోణపు బ్రాకెట్లతో (<>) చదివినప్పుడు, పెర్ల్ ఒక ఫైలు తర్వాత మరొకటి తెరుస్తుందే కానీ మధ్యలో క్లోజ్ చేయదు. క్లోజ్ చేస్తేనే డాలర్ చుక్క తిరిగి మొదటికి వస్తుంది. అందుకే లెక్క ఫైళ్లన్నింటి మీదుగా సాగిపోయింది. లూపు చివర 'క్లోజ్ ఏఆర్‌జీవీ ఇఫ్ ఈఓఎఫ్' (close ARGV if eof), అంటే ఈ ఫైలు ముగిస్తే దాన్ని క్లోజ్ చేయమనే ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది. అయితే ఈఓఎఫ్ పక్కన అలవాటుగా ఖాళీ గుండ్రటి బ్రాకెట్లు పెట్టారంటే, అది చిట్టచివరి ఫైలు ముగిసినప్పుడే నిజమవుతుంది, రోగం అలాగే ఉంటుంది. ఆ బ్రాకెట్ల వల్ల నాకు ఇంకో పూట పోయింది.

దీనికన్నా గుట్టుగా దెబ్బతీసేది ఇంకొకటుంది. డాలర్ చుక్క మన ఫైలు లైనును చెప్పదు, చివరగా తాకిన ఫైల్‌హ్యాండిల్ (ప్రోగ్రాములో తెరిచిన ఫైలును సూచించే పేరు) లైనును చెబుతుంది. అసలు ఫైలు చదివే లూపు లోపల మినహాయింపు పదాల జాబితాను మరో హ్యాండిల్‌తో ఒక్క లైను చదివినా, ఆపైన అచ్చయ్యే నంబరు ఆ జాబితాదే. హెచ్చరిక ఏదీ రాదు, నంబరు కూడా నమ్మదగ్గట్టే ఉంటుంది. అప్పటినుంచి లూపులో అడుగుపెట్టగానే మొదటి పనిగా దాన్ని సొంత వేరియబుల్‌లోకి తీసుకుంటున్నాను. హ్యాండిల్‌నే నేరుగా అడిగే 'ఇన్‌పుట్ లైన్ నంబర్' మెథడ్ కూడా ఉంది, పెద్ద ప్రోగ్రాముల్లో అదే శుభ్రంగా ఉంటుంది. కొత్తగా చేరినవారు వైల్‌కు బదులు ఫోర్‌ఈచ్ అనే మరో రకం లూపు రాస్తే ఫైలంతా ముందే చదివేస్తుంది కాబట్టి, ప్రతి తప్పుకూ ఆఖరి లైను నంబరే పడుతుంది. సీక్ అనే ఆదేశంతో ఫైలు మొదటికి వెళ్లినా లెక్క వెనక్కి రాదు, డాలర్ చుక్కకు మనమే 1 అని రాసినా ఫైలులో స్థానం కదలదు.

లైను అంటే ఏమిటన్నది కూడా మన చేతుల్లోనే ఉంటుంది. లైను ఎక్కడ ముగుస్తుందో చెప్పే '$/' అనే వేరియబుల్ విలువను ఖాళీ స్ట్రింగుగా (అక్షరాలేవీ లేకుండా) మారిస్తే పెర్ల్ పేరా పేరాగా చదువుతుంది. మా నిఘంటువులో ఆరోపానికీ ఆరోపానికీ (ఒక్కో పదానికీ అర్థంతో ఇచ్చే నమోదుకు) మధ్య ఖాళీ లైను ఉంటుంది కాబట్టి డాలర్ చుక్క అప్పుడు ఎన్నో ఆరోపమో చెబుతుంది. డై సందేశంలో కూడా 'లైన్' అనే మాట పోయి 'చంక్' (ముక్క) అని పడుతుంది, ఆ నిజాయితీ నాకు నచ్చింది. పాత మాకింటాష్ నుంచి వచ్చిన ఫైళ్లలో లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు మాత్రమే ఉంటే, పెర్ల్ దాన్ని లైను ముగింపుగా తీసుకోదు కాబట్టి ఫైలంతా ఒకే లైనైపోయి, తప్పులన్నీ 1వ లైనులోనే తేలతాయి.

పైథాన్ అనే మరో భాషలో, లైన్లకు వరుస నంబర్లు ఇచ్చే ఎన్యూమరేట్ కూడా వాడతాను. లెక్క మన వేరియబుల్‌లోనే ఉంటుంది కాబట్టి ఈ దొంగదెబ్బలు తక్కువ. కానీ రెండో విలువగా 1 ఇవ్వడం మరిస్తే లెక్క సున్నా నుంచి మొదలై, జాబితా మొత్తం ఒక లైను పైకి జరుగుతుంది. కొత్త ప్రోగ్రామరుకు నేను పైథానే చెబుతాను. పదిహేను లైన్ల స్క్రిప్టు అయితే మాత్రం నా చేయి పెర్ల్ వైపే పోతుంది.

నంబరు సరైనదైనా చదివేవారికి దొరకాలి కదా. పాత నోట్‌ప్యాడ్‌లో వర్డ్ ర్యాప్ (పొడవైన లైన్లను తెర వెడల్పుకు మడిచే సదుపాయం) ఆన్ చేసి ఉంటే, లైను నంబరు ఇచ్చి అక్కడికి వెళ్లే 'గో టు' పనిచేయదు. మాస్టారు కొన్నాళ్లు తెర మీద మడతపడిన వరుసలను వేలితో లెక్కపెట్టుకున్నారని ఆలస్యంగా తెలిసింది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే వేరే ఎడిటరు పెట్టించాక ఆ బాధ తీరింది. ఇప్పుడు నా జాబితాలో ఫైలు పేరు, లైను నంబరు, ఆ లైనులోని మొదటి పదం ఉంటాయి. మాస్టారు దాన్ని కింది నుంచి పైకి దిద్దుకొస్తారు. మధ్యలో ఒక లైను తీసేస్తే దాని కిందివాటి నంబర్లన్నీ మారిపోతాయి గానీ, ఇంకా దిద్దవలసిన పైవాటివి మారవు. ఆ పద్ధతి నేను చెప్పింది కాదు, ఆయనే కనిపెట్టుకున్నారు.