స్టైన్‌హైమ్ నత్తలా, టాంగన్యికా నత్తలా?

ఒంటరి సరస్సులో నత్తగుల్ల ఎలా మారుతుందో తెలియాలంటే నా ఓటు ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సుకే. అయితే జర్మనీలోని స్టైన్‌హైమ్‌ను తీసిపారేయలేం. సుమారు 1.5 కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడిన గుంటలో నిలిచిన సరస్సు అది. దాని అడుగు మట్టిలోని శిలాజాలను పొర తరువాత పొరగా చూస్తే బిళ్లలా చదునైన గుల్ల మెల్లగా గోపురంలా లేచి, పై పొరల్లో మళ్లీ చదునవుతుంది. 1866లో జర్మన్ శాస్త్రవేత్త హిల్గెన్‌డార్ఫ్ ఈ గుల్లలతోనే నత్తల వంశవృక్షం గీశాడు. ఎందుకు మారిందో మాత్రం శిలాజం నోరు విప్పదు.

టాంగన్యికాలో కారణం కళ్లెదుటే తిరుగుతుంది: పీత. అక్కడి గుల్లలు మందంగా, గట్లతో, కొన్ని ముళ్లతో ఉంటాయి. సముద్రపు శంఖాలను తలపిస్తాయి. ఈ సరస్సు ప్రాచీన సముద్రపు శేషమనే వాదన కూడా ఒకప్పుడు నడిచింది! పీత పట్టుకారు లాంటి డెక్కతో గుల్ల అంచును చిట్లగొడుతుంది. తప్పించుకున్న నత్త పగులును పూడ్చుకుంటుంది. అతుకు గీత గుల్ల మీద అలాగే ఉండిపోతుంది.