చంద్రపూర్, బల్లార్షా వైపు పాత గ్రాఫిక్స్ కార్డు కొనేవారికి హెచ్చరిక

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో పాత కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఒక దుకాణంలో గత మే నెలలో జీఫోర్స్ 8800 జీటీ అనే గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే భాగం) 1,500 రూపాయలకు కొన్నాను. మా ఇంట్లోని కోర్ 2 డుయో ప్రాసెసర్ ఉన్న పాత కంప్యూటర్‌కు అదే ఎక్కువ. దుకాణదారు ఆట పెట్టి చూపించాడు, ఎక్కడా ఆగకుండా నడిచింది. "చూడు తమ్ముడూ, ఫ్యాన్ చప్పుడే లేదు" అన్నాడు. ఆ చప్పుడు లేకపోవడమే అసలు రోగమని నాకు అప్పుడు తట్టలేదు.

అది ఏసీ గదిలో, ఉదయం పూట, మూడు నిమిషాల పరీక్ష. బల్లార్షాలో మాది రేకుల ఇల్లు, బయట 45 డిగ్రీల ఎండ. మధ్యాహ్నం ఆట మొదలుపెట్టిన పావుగంటకే తెర నిండా రంగురంగుల గళ్లు వచ్చాయి, ఆపై కంప్యూటర్ బిగుసుకుపోయింది. చిప్ వేడి 106 డిగ్రీలు.

కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి చూస్తే కోర్ (చిప్) వేగం 720 మెగాహెర్ట్జ్. 2007లో ఎన్విడియా ఈ చిప్‌ను విడుదల చేసినప్పుడు పెట్టిన వేగం 600. డిఫాల్ట్ (అసలు వేగం) అని ఉన్న గడిలోనూ 720 కనిపించడంతో ముందు నమ్మేశాను. ఆ గడి చూపేది కార్డు బయాస్‌లో (కార్డులోనే నిల్వ ఉండే మూల ప్రోగ్రామ్‌లో) రాసి ఉన్న అంకెను మాత్రమే; బయాస్‌నే తిరగరాస్తే అదీ అబద్ధమే చెబుతుంది. కొన్ని కంపెనీలు తామే వేగం పెంచి అమ్మిన మాట నిజం, కానీ నా కార్డు వెనుక స్టిక్కర్ మామూలు రకానిది. పైగా ఫ్యాన్‌ వేగాన్ని 30 శాతం దగ్గర కట్టిపడేశాడు. గుర్రాన్ని పరుగెత్తిస్తూ ముక్కు మూసినట్టు!

మా వీధిలో టీవీలు బాగుచేసే మామయ్య హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు రెక్కల భాగం) విప్పారు. రెక్కల మధ్య బొగ్గు పొడి అట్టకట్టి ఉంది. గనుల ఊళ్లలో అది వింత కాదు, దాన్ని క్షమిస్తాను. కానీ చిప్ వేడిని హీట్‌సింక్‌కు అందించే థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా రాలింది, మెమరీ చిప్‌ల మీద అదే పని చేసే ప్యాడ్లు రెండు లేనే లేవు. శుభ్రం చేసి, కొత్త పేస్టు పెట్టి, వేగం 600కు దించి, ఫ్యాన్ పెంచితే వేడి 84కు దిగింది. గళ్లు మాత్రం పోలేదు.

హీట్‌సింక్ వేడిని గదిలోకి వదలగలదు, అంతే. గది 15 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. వోల్టేజి కూడా పెంచితే ఇంకా ఘోరం, వేడి వోల్టేజి వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. చలి దేశాలవారు చెప్పే ఓవర్‌క్లాకింగ్ (చిప్ వేగం పెంచడం) అంకెలు మన విదర్భ ఎండలో నిలవవు. కొనే ముందు కార్డును కనీసం అరగంట ఆటతో నడిపించి, వేడి ఎక్కడ ఆగుతుందో చూడండి. "అంత సమయం లేదు" అంటే లేచి వచ్చేయండి.

నాలుగు రోజులు తిరిగాక దుకాణదారు 500 చేతిలో పెట్టి కార్డు వెనక్కి తీసుకున్నాడు. పోయినవారం అటు వెళితే మళ్లీ అదే అద్దాల బీరువాలో ఉంది, ధర 1,800. ఫ్యాన్ అంచున తెల్ల రంగు చుక్క కనిపిస్తే అది నేను పెట్టిన గుర్తు.