11 ఏళ్లు, మూడు చిరునామాలు, ఒకే కారు: ఊరు మారితే బీమా ఎందుకు మారుతుంది

ఒకే కారును ఒకే కంపెనీ ఇచ్చిన సమగ్ర బీమా కింద 11 ఏళ్లుగా నడుపుతున్నాను. ఈ మధ్యలో రెండుసార్లు ఇల్లు మారాను. మొదటి నాలుగేళ్లు ఒక చిన్న పట్టణంలో, తరువాతి ఐదేళ్లు ఒక మహానగరంలోని ఇరుకు పేటలో, గత రెండేళ్లుగా కొండల కింద ఉన్న ఒక ఊళ్లో ఉంటున్నాను. కారు మారలేదు, నడిపే మనిషి మారలేదు, ఏడాదికి తిరిగే కిలోమీటర్లు కూడా పెద్దగా మారలేదు. ప్రీమియం మాత్రం చిరునామా మారిన ప్రతిసారీ మారింది. పాలసీల మీద వచ్చే సమీక్షలు సాధారణంగా క్లెయిము డబ్బు ఎన్ని రోజుల్లో చేతికందిందన్న దగ్గరే ఆగిపోతాయి. నేను రాయదలచుకున్నది దరఖాస్తులో అందరం ఆలోచించకుండా నింపేసే ఒక గడి గురించి: కారు రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది అన్న గడి.

నగరానికి వచ్చాక అందిన మొదటి రెన్యువల్ నోటీసులో ప్రీమియం అంతకుముందు ఏడాది కంటే మూడో వంతుకు పైగా పెరిగింది. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని పాత నోటీసును, కొత్త నోటీసును భోజనాల బల్ల మీద పక్కపక్కన పరచి, వరుస తప్పకుండా స్కేలు ఆనించి చదివాను. కారు ఒక ఏడాది పాతబడింది కాబట్టి దాని విలువ తగ్గించారు. క్లెయిము లేని ఏడాది ఇంకొకటి చేరింది కాబట్టి నో క్లెయిమ్ బోనస్ శాతం పెంచారు. ఈ రెండూ ప్రీమియంను దించవలసినవే. ఇంజను సామర్థ్యం, తయారైన సంవత్సరం, నా వయసు ఉన్న వరుసల్లో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. మిగిలింది చిరునామా ఒక్కటే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘సిస్టమ్‌లో అలాగే వస్తోందండీ’ అన్నారు. రెండోసారి చేసినా అదే మాట, మూడోసారి లైను కట్టయింది. ఈ కంపెనీ సేవలో నాకు కనిపించిన పెద్ద లోపం పెరిగిన మొత్తం కాదు, ఆ ఒక్క వాక్యమే.

చివరకు సంగతి విడమరిచి చెప్పింది, ఒక బీమా సంస్థలో అండర్‌రైటింగ్ విభాగంలో, అంటే ఎవరికి ఏ ధరకు బీమా ఇవ్వాలో తేల్చే విభాగంలో, చాలాకాలం పనిచేసి విరమించిన మా పరిచయస్థుడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్నే నన్ను కాస్త నొప్పించింది: ‘మీరు జాగ్రత్తగా నడుపుతారు సరేనండీ, మీ చుట్టుపక్కల వాళ్లు?’ కాగితం తీసి రెండు ఊళ్ల లెక్క వేసి చూపించారు. అంకెలు ఊహించినవే కానీ పద్ధతి అసలుదే. ఒక్కో ఊళ్లో వెయ్యి కార్లు ఉన్నాయనుకుందాం. మొదటి ఊళ్లో ఏడాదికి 40 క్లెయిములు, ఒక్కోదానికి సగటు ఖర్చు 100. కంపెనీకి అయ్యేది 4,000, అంటే కారుకు 4. రెండో ఊళ్లో 80 క్లెయిములు, సగటు ఖర్చు 120. మొత్తం 9,600, కారుకు 9.6. క్లెయిముల సంఖ్య రెట్టింపై, బిల్లు ఐదో వంతు పెరిగితే చాలు, ఖర్చు దాదాపు రెండున్నర రెట్లకు చేరింది. కంపెనీ నిర్వహణ ఖర్చు, ఏజెంటు కమీషను, పన్ను, లాభం అన్నీ దాని మీద కూర్చుంటాయి. ఈ లెక్కలో నేనెక్కడా లేను. నా డ్రైవింగ్ బోనస్ గడిలో కనిపిస్తుంది. చిరునామా గడిలో కనిపించేది ఇరుగుపొరుగు వారి డ్రైవింగ్, వారి దొంగలు, వారి మెకానిక్కులు.

మెకానిక్కుల సంగతి నగరంలో నాకు స్వయంగా తెలిసివచ్చింది. వీధిలో ఆపి ఉన్న నా కారును వెనక్కి వస్తున్న వ్యాను ఒకటి తాకి వెళ్లిపోయింది. చూడటానికి బంపరు మీద అరచేతి వెడల్పు పగులు, అంతే. వర్క్‌షాప్ ఇచ్చిన ఎస్టిమేట్‌లో మాత్రం బంపరు, దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు, రెండు పార్కింగ్ సెన్సర్లు, వాటి వైరింగు, ప్రైమరు, రంగు, పక్క ప్యానెల్‌కు రంగు కలిపే పని, విప్పి బిగించే కూలీ అని వరుసలు సాగిపోయాయి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు వచ్చి సెన్సర్లలో ఒకటి పనిచేస్తోందని కొట్టివేసి మిగతాది ఒప్పుకున్నాడు. పట్టణంలో ఉన్నప్పుడు దాదాపు ఇలాంటి పనే ఒక స్నేహితుడి కారుకు చేయించడం చూశాను. విడిభాగాల ధర ఇంచుమించు అంతే, కూలీ మాత్రం నగరంలో దానికి రెట్టింపు కంటే ఎక్కువ. షెడ్డు అద్దె, పనివాళ్ల జీతం ఎక్కువైన చోట గంట కూలీ ఎక్కువే ఉంటుంది. దానికి తోడు ఇరుకు వీధుల్లో ఇలాంటి చిన్న దెబ్బలు రోజూ తగులుతూనే ఉంటాయి. నేనున్న ఐదేళ్లలో మా భవనంలో బంపరు మార్పించని కారు ఒకటో రెండో ఉండి ఉంటాయి. ఆ క్లెయిము తరువాత, పెరిగిన ప్రీమియం మీద నా కోపం సగానికి సగం చల్లారిందని ఒప్పుకోవాలి.

అయితే పల్లె రోడ్లు క్షేమమని, నగరం రోడ్లు ప్రమాదమని దీనికి అర్థం కాదు. నగరంలో బళ్లు నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి దెబ్బలు ఎక్కువైనా చాలావరకు రేకుకే తగులుతాయి. ఊరి బయటి రోడ్ల మీద వేగం ఎక్కువ, ఆసుపత్రి దూరం. ప్రమాదాలు తక్కువ జరిగినా జరిగినవి ప్రాణాల మీదికి వస్తాయి. అందుకే ఒక ప్రాంతం ఖరీదైనదా చవకైనదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఎదుటివారికి జరిగే నష్టానికి ఒక లెక్క, సొంత కారుకు జరిగే నష్టానికి ఇంకొకటి, దొంగతనానికి, వడగళ్లకు మరొకటి.

ఇది కొండల కిందికి మారాక బాగా అర్థమైంది. ట్రాఫిక్ లేదు, దొంగతనాల మాట వినపడదు, ప్రీమియం బాగా దిగుతుందని లెక్క వేసుకున్నాను. థర్డ్ పార్టీ భాగం, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టేది, ఎలాగూ ఊరిని బట్టి మారదు. సొంత నష్టం భాగం, అంటే నా కారుకు జరిగే నష్టానికి కట్టేది, కాస్త మాత్రమే దిగింది. దానికి కారణాన్ని మొదటి వేసవి చివరలోనే ఒక సాయంత్రం చూశాను: పావుగంట సేపు వడగళ్లు పడ్డాయి. మరుసటి వారం సర్వేయరు వచ్చి కారును నీడలోకి తెప్పించి, పొడవాటి లైటు గొట్టాన్ని బానెట్ మీద వాలుగా పట్టుకున్నాడు. మామూలు వెలుతురులో నాకు పది సొట్టలు కనిపించిన చోట, ఆ వెలుతురులో రేకంతా నీటి బుడగలు లేచినట్టు కనిపించింది. మైనపు పెన్సిలుతో ఒక్కో సొట్ట చుట్టూ సున్నా చుడుతూ, బానెట్, టాప్, డిక్కీ విడివిడిగా లెక్కపెట్టి, చిన్నవి ఎన్ని, పెద్దవి ఎన్ని అని రాసుకున్నాడు. బానెట్ ఒక్కదానికే 60 దాటాయి. రంగు చెడకుండా లోపలి నుంచి కడ్డీలతో నెట్టి సరిచేసే నిపుణుడు దూరపు నగరం నుంచి రావాలి, ఊళ్లో అందరి కార్లదీ అదే అవసరం. నా వంతు ఆరు వారాలకు వచ్చింది.

వడగళ్లు, వరదల వంటి నష్టాలకు కంపెనీలు భయపడేది ఇందుకే. వ్యానులు వెయ్యి బంపర్లను వెయ్యి వేర్వేరు రోజుల్లో పగలగొడతాయి, ఏడాదికి ఎన్ని పగులుతాయో ముందే అంచనా వేయవచ్చు. వడగళ్ల వాన మాత్రం ఒక ప్రాంతంలోని కార్లన్నింటినీ ఒకే సాయంత్రం దెబ్బతీస్తుంది. 1984 జులై 12న జర్మనీలోని మ్యూనిక్ నగరం మీద కురిసిన వడగళ్లకు లక్షకు పైగా కార్లు పాడయ్యాయి. అటువంటి రోజు కోసం కంపెనీ తానే మరో పెద్ద కంపెనీ దగ్గర బీమా కొనుక్కోవాలి. దానినే రీఇన్సూరెన్స్ అంటారు. ఆ ఖర్చులో కొంత, పదేళ్లుగా వడగళ్లు పడని ఏడాదుల్లో కూడా, కొండ కింద ఉన్నవాళ్ల ప్రీమియంలోకి చేరుతుంది.

ఇంతవరకు చెప్పినవి రోడ్డుకు, ఆకాశానికి సంబంధించినవి. వీటికంటే పెద్ద తేడా ఒక్కోసారి చట్టం తెస్తుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1973 నుంచి ఉన్న చట్టం ప్రకారం, ప్రమాదంలో గాయపడినవారి వైద్య ఖర్చును తప్పు ఎవరిదన్నదానితో సంబంధం లేకుండా కారు బీమాయే, పరిమితి లేకుండా, జీవితాంతం భరించవలసి వచ్చేది. ఆ దేశంలో కారు బీమా అతి ఖరీదైన రాష్ట్రాలలో మిషిగన్ చాలా ఏళ్లు ముందు వరుసలో నిలిచింది. 2019లో చట్టం సవరించి, 2020 జులై నుంచి తక్కువ పరిమితిని ఎంచుకునే వీలు కల్పించారు. న్యూజీలాండ్ దీనికి పూర్తిగా ఎదురు దారి. అక్కడ 1974 నుంచి ప్రమాద గాయాల భారాన్ని ప్రభుత్వ సంస్థే మోస్తోంది, అందుకు కావలసిన డబ్బులో కొంత వాహనాల రిజిస్ట్రేషను మీద, పెట్రోలు మీద వసూలు చేస్తారు. కారు బీమా తప్పనిసరి కూడా కాదు. ఈ రెండు చోట్ల ప్రీమియంలను పక్కపక్కన పెట్టి డ్రైవర్ల నైపుణ్యం గురించి తీర్పు చెబితే అంతకంటే పొరపాటు ఉండదు.

ఇక ప్రాంతాల మధ్య గీత ఎక్కడ గీయాలన్నది అసలు తగవు. భారతదేశంలో ప్రైవేటు కార్లకు వాడుకలో ఉన్నవి రెండే జోన్లు: అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, పుణె ఎ జోన్, మిగతా దేశమంతా బి జోన్. అది కూడా సొంత నష్టం భాగానికే. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సామర్థ్యాన్ని బట్టి దేశమంతటా ఒకటే. బ్రిటన్‌లో పోస్ట్‌కోడ్ మారితే ధర మారుతుంది, అంటే రెండు వీధుల అవతలకు ఇల్లు మారినా నోటీసు మారవచ్చు. జర్మనీ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. అక్కడి బీమా సంస్థల సంఘం 400కు పైగా రిజిస్ట్రేషన్ జిల్లాలకు గత ఐదేళ్ల నష్టాల ఆధారంగా ఏటా తరగతులు నిర్ణయించి బహిరంగంగా ప్రకటిస్తుంది. ఎదుటివారి నష్టానికి 12 తరగతులు, దొంగతనం, వడగళ్లు, జంతువులు ఢీకొనడం వంటివాటికి 16, పూర్తి రక్షణకు 9. రెండో వరుసలోనే తరగతులు ఎక్కువ ఎందుకో మా ఊళ్లో కారున్న ఎవరినడిగినా చెబుతారు. బెర్లిన్ మొదటి వరుసలో పైన ఉంటే, ఆల్ప్స్ పర్వతాల పాదాన ఉన్న దక్షిణ బవేరియా జిల్లాలు రెండో వరుసలో పైన ఉంటాయి. నగరం నుంచి కొండల కిందికి మారినప్పుడు నా నోటీసులో జరిగింది ఇలాంటిదే. తేడా ఏమిటంటే, నాకు దాన్ని ఎవరూ ముందుగా చూపించలేదు.

గీతలు మరీ సన్నగా గీస్తే న్యాయం పెరుగుతుందని నేను కూడా మొదట్లో అనుకున్నాను. అదేమీ అంత సులువు కాదు. పేటలో 50 కార్లే ఉంటే, ఒక్క ఘోర ప్రమాదం ఆ పేట లెక్కనంతా తారుమారు చేస్తుంది. అందువల్ల చిన్న ప్రాంతపు అంకెలను పెద్ద ప్రాంతపు అంకెలతో కలిపి సర్దుతారు. ఇంకొక చిక్కు ఏమిటంటే, సన్నని గీతలు చాలాసార్లు పేదల పేటల చుట్టూ వచ్చి ఆగుతాయి. ఆదాయం తక్కువ, గ్యారేజీ ఉండదు, కారు వీధిలోనే ఉంటుంది, ప్రీమియం ఎక్కువ. కాలిఫోర్నియా ఓటర్లు 1988లో ఆమోదించిన చట్టం, డ్రైవింగ్ చరిత్ర, ఏడాదికి తిరిగే దూరం, డ్రైవింగ్ అనుభవం అనే మూడింటికీ ఆ వరుసలోనే ప్రాధాన్యం ఇవ్వాలని, మిగతావన్నీ వాటి తరువాతేనని నిర్ణయించింది. నా మొగ్గు ఆ వైపే. చిరునామాను లెక్కలోంచి తీసేయమని నేననను, అలా చేస్తే నగరంలో నా బంపరు ఖర్చు పట్టణంలో ఉన్న స్నేహితుడు మోయాలి. కానీ పదేళ్లు క్లెయిము లేని మనిషి చరిత్ర కంటే అతని వీధి పేరు బరువు ఎక్కువ తూగకూడదు.

ఒక తప్పు నాది కూడా ఉంది. కొండల కిందికి వచ్చాక నాలుగు నెలలు పాలసీలో చిరునామా మార్పించలేదు. నగరం చిరునామాతో ఎక్కువే కడుతున్నాను కదా, కంపెనీకి నష్టమేమీ లేదనే ధీమా. వడగళ్ల క్లెయిము వేసినప్పుడు, కారు ఈ ఊళ్లో ఎందుకుందన్న ప్రశ్నతో ఫైలు మూడు వారాలు ఆగింది. ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు పంపి, నాలుగు మెయిళ్లు రాశాక కదిలింది. చవకైన ఊళ్లో ఉన్న బంధువుల చిరునామా ఇచ్చి ప్రీమియం తగ్గించుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నా ఫైలే అన్ని రోజులు ఆగితే, వాళ్లదాన్ని తప్పుడు సమాచారం కింద తోసిపుచ్చడానికి కంపెనీకి కావలసినంత ఆధారం ఉంటుంది.

ధర తగ్గించుకోవడానికి నాకు పనికివచ్చినవి రెండే. నగరంలో ఉండగా వీధిలోంచి భవనం సెల్లారులోకి మార్చి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలిపితే కొంత తగ్గించారు. క్లెయిములో నేను భరించే మొత్తాన్ని పెంచుకుంటే ఇంకాస్త తగ్గింది. మూడోది ఆలస్యంగా తెలుసుకున్నాను: ప్రాంతపు లెక్క ప్రతి కంపెనీకీ వేరు. ఎవరికి ఏ ఊళ్లో ఎక్కువ క్లెయిములు వచ్చాయో వాళ్లు అక్కడ ధర పెంచుతారు. కిందటి నెల ఇదే కారుకు, ఇదే చిరునామాకు, ఇవే షరతులతో మూడు కంపెనీలను అడిగితే, ఎక్కువ చెప్పినదానికీ తక్కువ చెప్పినదానికీ మధ్య నాలుగో వంతు తేడా వచ్చింది. ఎక్కువ చెప్పింది నేను 11 ఏళ్లుగా ఉన్న కంపెనీయే. నో క్లెయిమ్ బోనస్ మనిషికి చెందినదే గాని కంపెనీకి కాదు కాబట్టి, వాళ్ల నుంచి బోనస్ ధ్రువపత్రం తీసుకుని, తక్కువ చెప్పిన కంపెనీకి పంపాను. కొత్త దరఖాస్తులో ఆ గడి దగ్గరకు వచ్చినప్పుడు ఊరి పేరుతో పాటు ‘రేకు కప్పు కింద’ అని కూడా రాశాను. ఆ కప్పును పోయిన వానాకాలానికి ముందే వేయించాను.